పాత ఎస్సార్

టిమ్ము మిషన్లు వచ్చినంక
డిపోల మూలకు పడ్డ ఎస్సార్ కట్ట ఒకటి
అడిగి తెచ్చుకున్న.
స్టేజీల గళ్లు అట్లనే ఉన్నయి.
దిగినోళ్లను రాసే తావుల
చదివిన బోర్డులు రాస్తున్న.

పందొమ్మిదేండ్ల సర్వీసు నాది.
అఫ్జల్‌గంజ్ నుంచి ఫలక్‌నుమా దాక
ఎన్ని గుంతలున్నయో నా నడుముకు ఎరుక.
ఉర్దూల కొట్లాడుత, చిల్లరకు బతిమాలుత,
తాగినోన్ని దించుత.
దుకాండ్ల మీది రాత మాత్రం
ఇన్నేండ్లు దండెం మీద ఆరేసిన బట్టల లెక్కనే కనబడ్డది.

మొదటి దినం సున్న.
రెండో దినం సున్న.
మూడో దినం నయాపూల్ కాడ సిగ్నల్ పడితే
అలిఫ్ ఒకటి దొరికింది,
సీటు ఖాళీ ఉన్నా కూసోని ముసలాయన తీరు
నిట్టనిలువుగ.
పావు బోర్డుకు పావు గీత గీసిన.
నా ఎస్సారు, నన్ను ఎవరడుగుతరు?

ఒక్క అక్షరానికి ఎన్ని వేషాలు!
మొదట్ల ఒక రూపు, నడుమ ఒకటి, కొసకు ఇంకొకటి.
అయినా రద్దీల నిండు మనిషి ఎన్నడు కనబడ్డడు గనుక?
ఒక భుజం, ఒక సంచి, రాడ్డు మీద నాలుగు వేళ్లు.
వేళ్లను చూసి మనిషిని పట్టుడే గద నా కొలువు.

పదకొండు కాడ బండి ఆగింది.
పదిహేడు దినాలు పదకొండే.
రేకుల షెడ్డు కింద చాయ తాగుకుంట
గళ్లన్నీ మళ్ల తిరగేసిన.
మందుల దుకాణం చదివిన్నా? లేదు, పక్కన తెలుగుల ఉన్నది.
సమోసా బొమ్మను చూసి సమోసా అన్న.
ఇంకో రెండు, ఎవరో చెప్పంగ ఇన్నవి.
నాలుగు కొట్టేసి
ఏడు అని రాసిన.
ఆ రాత్రి అన్నం సయించలే.

తెల్లారి చూస్తే
ఏడూ నావే.

మదీనా కాడ గడియారాల దుకాణం బోర్డు పీకి
ఇంగ్లీషుల మెరిసేది కట్టిన్రు.
తొమ్మిదికి ఎక్కినదాన్ని ఎనిమిదికి దిగిన.
దిగి కొట్లాడుదామనుకున్న,
వెనుక బండి హారన్ కొట్టింది.

నా పేరు నేను రాసుకున్నది పద్నాలుగో వారం.
సీన్, గాఫ్, నూన్, అలిఫ్.
సుగుణల ఉన్న రెండు కొమ్ములూ
ఆ రాతల కనబడవు.
ఒళ్ల కూసున్న చంటిపిల్లలకు టికెట్ ఉండదు గద,
లెక్కల రారు,
బస్సుల మాత్రం ఉంటరు.

నిన్న శాలిబండల చెకింగ్ ఎక్కిండు.
మిషన్ చూసిండు, సంచి చూసిండు.
కింద పడ్డ కాయితం తీసి
"ఈ పాత ఎస్సార్ ఏంది, ఈ ఇరవై మూడు ఎవరు?" అన్నడు.
చెప్పిన.
బస్సంత ఇన్నది, ముందు సీటాయన నవ్విండు.
చెకింగాయన నవ్వలే.
కిటికీల నుంచి వేలు పెట్టి
"అది?" అన్నడు.
"జూతే... జూతే చప్పల్."
"అది?"
"బండి ఆపుమను సార్, ఉరుకుతున్నది."

పెన్ను తీసి, గళ్ల కింద ఖాళీ జాగల
మెల్లగ, ఒక్కొక్క అక్షరం చెక్కినట్టు రాసిండు:
'తెడా లేదు.'
దీర్ఘం మరిచిండు. నేను అనలే.
ఆయనకూ ఎక్కడనో ఒక లెక్క నడుస్తున్నదేమో.

దాని కింద సంతకం, ఉర్దూల,
కుదుపుకు వంకరపోయింది.
ఫలక్‌నుమాల అందరు దిగినంక
దీపం కింద పట్టుకొని కూసున్న.
ఖాఫ్. దాల్. వావ్.
కొసకు సీన్, పండ్లు అరిగిన దువ్వెన లెక్క.
ఖుద్దూస్.

బోర్డు కాదు గద ఇది,
ఏ స్టేజీల రాయాలె?
శానసేపు చూసి,
దారిల ఎక్కినోళ్ల గళ్ల
ఒకటి ఏసిన.